ఐదు నిమిషాల రోగి

పలాసలో, జీడిపిక్కలు కాల్చే వాసన
మెట్లెక్కి వచ్చే మేడగది.
నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది ఊర్మిళ,
టిఫిన్ డబ్బా ఇంకా విప్పలేదు.
ఇదే పరీక్ష నేను మూడుసార్లు తప్పానని తెలుసు తనకి.
"తప్పులన్నీ నీ కాడే ఉన్నాయి కదక్కా" అంటుంది.

కార్డు తీశాను:
రోగి డయాలసిస్ మానేస్తానంటున్నాడు. ఒప్పించండి.
ఫోన్లో ఐదు నిమిషాలు పెట్టి
డెబ్బై ఏళ్ల డేవిస్ గారినయ్యాను.

మొదట బాగానే ఉంది.
పేరడిగింది, కుర్చీ దగ్గరికి లాక్కుంది,
నొప్పి పదిలో ఎంతంది.
నేను ఇంగ్లీషులోనే మొరాయించాను:
ఇంకెన్నాళ్లు?

అక్కడ ఆగిపోయింది.
ఉద్దానం వార్డులో ఎనిమిదేళ్లు
సూది వైపు చూడని ముఖాలు
"ఇంకెన్నాలమ్మా" అంటే
ఏదో ఒకటి చెప్తూనే ఉండేది,
కొబ్బరి దింపుల గురించో
మనవరాలి బడి గురించో.
ఆ జవాబు ఇంగ్లీషులో ఎక్కడుందో
వెతుకుతూ వెతుకుతూ
నా ఎడమచెయ్యి పట్టుకుంది.
మణికట్టు పైన రెండు వేళ్లానించి
అక్కడ లేని ఫిస్టులా
ఝుమ్మంటుందేమో చూసింది.

గంట మోగింది.
"పోనాదేటక్కా?"
పోయిందన్నాను.
సారాంశం చెప్పలేదు, ముగింపు లేదు.
చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు నేను.

చల్లారిన చోడిరొట్టె చెరిసగం తిన్నాం.
అనుభవపత్రం మీద సంతకానికి
సోమవారం రమ్మన్నాడట సూపరింటెండెంటు.
పనిచేసిన గంటలు కూడి రాయాలట;
ఎనిమిదేళ్లని రాస్తే చెల్లదు.
వేళ్లు మడిచి లెక్కేస్తూ
ఏ ఏడాదిలోనో తప్పిపోయింది.

మళ్లీ ఫోను నొక్కాను.
డేవిస్ గారు ఇంకా ఒప్పుకోలేదు.