గాట్ల కర్ర

మూడో సెమిస్టర్లో ఐర్లండ్ వచ్చింది.
మేం ఎంచుకోలేదు,
మిగతా పేపర్లకి చెప్పేవాళ్ళు లేరు.
కావలి కాలేజీ, మేడమీద చివరి గది,
పదకొండు మందిమి, ఒక ఫ్యాను,
సుగుణరత్నం మేడం జెరాక్సు కాగితాలు.

కాగితాల్లో ఎప్పుడూ వానే.
బయట ఆగస్టు ఎండకి స్కూటీ సీట్లు పగుల్తున్నాయి.
అక్కడ బురద తవ్వి ఎండబెట్టి
పొయ్యిలో పెట్టుకుంటారంది మేడం.
"మన్ను మండుద్దా మేడం?" అన్నాడు ఖాజా రసూలు.
మేడం కూడా చూళ్ళేదా దేశాన్ని.
పరీక్షకి సరిపడా చూశాం అందరం:
మూడాకుల గడ్డి, నాణెం మీద వాద్యం,
కుళ్ళిన ఆలుగడ్డలు, ఓడలెక్కిన జనం.
నాలుగు మార్కులు.

ఏడో పేజీలో
ఒక పిల్లాడి మెడలో కర్ర.
ఇంటి భాష నోరు జారినప్పుడల్లా ఒక గాటు,
సాయంత్రం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు.
మేడం చదివి తర్వాతి పేరాకి వెళ్ళింది.
నేను వెళ్ళలేదు.

మెడ తడుముకున్నాను.
ఐడీ కార్డు తాడు.
మానిపాటి వజ్రకుమారి, రక్తం ఓ పాజిటివ్.
భాషకి గడి లేదు.

బస్సులో అమ్మ ఫోన్ చేస్తే తెలుగే మాట్లాడతాను.
అమ్మకి తెలుసు, తనూ తెలుగులోకి దిగుతుంది,
మడుగులోకి దిగినట్టు
చీర కాస్త పైకెత్తుకుని.
నాకెవరూ కర్ర కట్టలేదు.
ఆరో తరగతిలో ఒకడు
మా ఎరుకల మాటకి మూతి వంకర పెట్టి చూపించాడు,
ఆ రోజే నేనే కట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అవ్వ ఈతబరికెలు చీలుస్తోంది.
పక్కన తన లెక్కల కర్ర.
అప్పుమీద పోయిన తట్టకో గాటు,
ఇటుకబట్టీ వాళ్ళవి ఒక పక్క,
రొయ్యలగుంటల వాళ్ళవి ఇంకో పక్క.
బాకీ తీరితే ఆ గాటు చెక్కేస్తుంది.

"ఏందిమే, మాటలకి గాట్లా? డబ్బులిచ్చారా?"
"దెబ్బలిచ్చారవ్వా."
కత్తి ఆగింది.
"మా నాయన సెటిల్మెంటులో రాత్రిపూట హాజరు పలికేవోడు.
పేరు పిలిస్తే 'ఉండానయ్యా' అని, తెలుగులో.
సచ్చిందాకా నిద్దట్లో గూడా అట్నే పలికినాడు."

పొద్దున నేను పలికిన 'ప్రెజెంట్ మేడం'
గొంతులో ఇంకా ఉంది.

"ఆ పిలకాయలు ఇప్పుడేం మాట్టాడతారు?"
"బడికెళ్ళి నేర్చుకుంటున్నారంట, వాళ్ళ భాషే."
"సొంత మాట బడికిబోయి నేర్సుకునేదా!"
నవ్వింది.
తర్వాత చాలాసేపు నవ్వలేదు.

నీళ్ళు తెమ్మంది, మా మాటలో.
ఆ మాటేమిటో ఇక్కడ రాయను,
ఇది జవాబు పత్రం కాదు.
చెంబు తీసుకుని వాకిట్లోకి పోతూ
అదే మాట పైకన్నాను,
కుళాయి దగ్గర క్యూలో ఉన్నవాళ్ళు
తలతిప్పి చూసేంత పైకి.

తిరిగొచ్చేసరికి
అవ్వ కర్ర మీద ఒక గాటు చెక్కేస్తోంది.
"అదెవురి బాకీ అవ్వా?"
"నీదే. ఒకటి జమ."

మిగతావి లెక్కపెట్టలేదు.
రేపు స్లిప్ టెస్టు,
ఏడో పేజీ రావచ్చంట.