తరీఫ్ దగ్గర మూడు గుంతలు

పదకొండింటికి ఫోను.
"మేడం, గీడ పైపు లేదు.
ఒకటి తీసిన, రెండు తీసిన, మూడోది గుడ తీసిన.
ఇసుకే ఉన్నది."
ఎక్స్‌కవేటరు దిగకుండానే మాట్లాడుతున్నాడు దుబ్బరాజం,
ఇంజను గురక నా చెవిలో.

నా తెరమీద పైపు ఉంది.
నీలం గీత, ఆరొందల మిల్లీమీటర్ల నీళ్ళ పైపు,
మిర్ఫా నుంచి తిన్నగా తూర్పుకి.
అతని బకెట్టు సరిగ్గా దానిమీదే ఉంది.
ఇద్దరిలో ఎవరమూ అబద్ధం చెప్పడం లేదు.

ఫైలు పాతది. మూలన అరబ్బీలో చేతిరాత,
స్కానుతో పాటు వచ్చిన టీ మరక,
డెబ్బై ఎనిమిది నాటి తేదీ.
దాన్ని తెరిచిన రోజు సాఫ్ట్‌వేరు నన్ను అడిగింది,
అడగలేదనను,
ఏ మార్పిడి వాడమంటావని
తొమ్మిది పేర్లు వరసగా పరిచింది.
నాకు ఆకలేస్తోంది. మొదటిది నొక్కాను.
మొదటిది, 'ఏమీ వద్దు'.

ఆ గీత గీసినవాడికి భూమి మొదలయ్యేది
ఇరాకులో, నహర్వాన్ అనే చోట, ఒక రాతి దగ్గర.
నాకు మొదలయ్యేది
ఎవరూ చూడని లోతులో
ఉపగ్రహాలు నమ్ముకున్న ఒక చుక్క దగ్గర.
రాతికీ చుక్కకీ పొత్తు కుదర్చకపోతే
తేడా మరీ ఎక్కువేం కాదు,
ఉత్తరానికి మూడొందల మీటర్లు, తూర్పుకి కాస్త.
ఒక మనిషి పొద్దుటి నుంచీ తవ్వేంత.

పైగా ఇక్కడే అతుకు.
యాభైనాలుగో రేఖ తరీఫ్ దాటాక ఇసుకలో ఎక్కడో దిగుతుంది.
అటు ముప్పైతొమ్మిదో పట్టీ, ఇటు నలభయ్యోది.
ఎనిమిది లక్షల మీటర్ల దాకా లెక్కపెట్టుకుంటూ వచ్చినవాడు
ఒక్క అడుగేస్తే రెండు లక్షల్లోపు పడిపోతాడు.
ఒంటెకి తెలీదు. లారీకి తెలీదు.
గీతకి తెలుస్తుంది, విరుగుతుంది.
విరగకుండా ఒకే పట్టీని సాగదీసి అటువైపు కూడా కప్పాను,
అంచు దగ్గర కొలత కొంచెం బొంకుతుందని తెలిసే.

మధ్యాహ్నం కంపెనీ పికప్‌లో వెళ్ళాను.
మూడో గుంత ఒడ్డున కూచుని రొట్టె తింటున్నాడు.
తిట్టలేదు. సగం తుంచి ఇచ్చాడు,
జర్వాలీ తందూరుది, నువ్వులు రాలుతూ.
ప్రొజెక్షన్ గురించి మొదలుపెట్టాను,
అంటే, గుండ్రంగా ఉన్నదాన్ని చదును చేయాలంటే...
"ఎరుకే మేడం.
జర్వాలీ పిండిని ఉబ్బు మెత్త మీద గుంజుతడు సూడున్రి,
నడుమ మంచిగుంటే అంచు పలుసనైతది,
అంచు మంచిగుంటే నడుమ బొక్క పడ్తది.
ఏడ పలుసనైతే తినేటోడు ఏమనడో
గా దిక్కే గుంజుతడు."

నేను నమలడం ఆపాను.

కాలితో ఉత్తరం వైపు చూపించాడు.
"గా తుప్పలు ఒక్క వరుసల మొలిసినయ్ గదా.
ఊకెనే మొలుస్తయా గీ ఇసుకల?
పైపు ఆడనే కారుతున్నట్టున్నది."
మరి పొద్దున్నే చెప్పలేదేం, అన్నాను.
"మీరు మ్యాపు పంపిన్రు గదా."

సాయంత్రం మార్పిడి మార్చాను.
నీలం గీత లేచి తెరమీద వేలెడంత నడిచి
తుప్పల కింద పడుకుంది.
చప్పుడైనా లేదు. పొద్దున తప్పు జరిగినప్పుడూ లేదు.
అటూ ఇటూ అయిదు మీటర్లు తేడా ఉండొచ్చంది సాఫ్ట్‌వేరు.
ఆ అయిదూ ఈసారి రాసిపెట్టాను,
ఏ మార్పిడో, ఎవరు నొక్కారో కూడా.

మూడు గుంతల్నీ మూడు చుక్కలుగా వేశాను,
పొరకి దుబ్బరాజం అని పేరు.
వారం తర్వాత ఇంజనీరు హైథమ్ చూసి
అక్కడేముంది, అన్నాడు.
ఏమీ లేదు, అన్నాను.
అయితే తీసెయ్, అన్నాడు.

గుంతలు పూడ్చేశారు, మిగతాది గాలి చూసుకుంది.
పొర ఇంకా తీయలేదు.