ఏడో పాటలో ఒక దెబ్బ

పద్నాలుగేళ్లకి వచ్చింది
'మూడు లాంతర్లు' వాళ్ల కొత్త ఆల్బం.
అట్ట మీద ముఖాల్లేవు.
వానకి తడిసిన గిటారు పెట్టె, దాని మీద ఒక కళ్లజోడు.

విజయనగరం గంటస్తంభం వెనక సందులో
నా మైకుసెట్టు కొట్టు.
పెళ్లిళ్లు లేని ఆషాఢం.
అద్దెకి పోని పెద్ద బాక్సులు రెండూ వీధివైపు తిప్పి
మొదటి పాట పెట్టాను.

తవిటినాయుడి బేస్ ముందు అరికాళ్లకి వినిపించింది.
బల్ల మీద స్క్రూలు కదిలాయి.
ఆ తర్వాత కూర్మారావు గొంతు,
ఒకప్పుడు పాకం.
"మాడిపోనాది" అన్నాడు పక్క టైలరు ఎర్రిబాబు, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ.
"అడుగంటిందే రుచి, నీకేటి తెలుసు" అంది టీ అసిరమ్మ
పాలగిన్నె గోకుతూ.

వయొలిన్ చెప్పి రిటైరైన సోమయాజులు గారు
గొడుగు మూయకుండానే రెండు పాటలు నిలబడ్డారు.
"గాంధారం వెంట్రుకవాసి దిగింది."
తప్పాండీ?
"దిగినచోటే కూర్చున్నాడు, లేవడే!"
తిట్టో మెప్పో తేల్చకుండా
నాలుగు చినుకులు నా బల్ల మీద రాల్చి వెళ్లిపోయారు.

ఇంజినీరింగు ప్రణీత్‌కి
ఒక చెవిలో తన పాట, రెండో చెవిలో మాది.
"పాత ఆల్బమే నయం అంకుల్, ఇందులో పరుగేదీ?"
పాతది వచ్చేనాటికి వాడు ఎల్‌కేజీ.

ఏడో పాట సంగతి చెప్పాలి.
మిల్లు పాట. మాటలు తక్కువ.
'కూత ఆగిపోయింది,
నేను లేచే వేళ ఎవరు చెబుతారు'
అంతే, తిప్పి తిప్పి అదే.
డేనియల్ డ్రమ్ము మగ్గంలా నడిచి నడిచి
మూడో నిమిషం దగ్గర
ఒక దెబ్బ లేదు.
పడాల్సిన చోట పడలేదు.
చీకట్లో మెట్టు వెతుక్కునే కాలులా
గిటారు గాలిలో ఆగింది.

"తప్పది. పక్క దెబ్బ కాపీ చేసి అతికిస్తే పోయేది,
వాళ్లలో ఒక్కరూ వినలేదా?"
ప్రణీత్ ఈసారి రెండు చెవులూ ఖాళీ చేసుకుని అడిగాడు.

నెల్లిమర్ల మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి
ఎడంచెవి అక్కడే వదిలొచ్చిన గవరయ్య
కుడిచెవి బాక్సుకి ఆనించాడు.
"దారం తెగినాది.
తెగితే అలగే ఆగతాది మగ్గం.
ముడేసీలోపు సెమట తుడుసుకుంటాం.
దాన్ని బాగు సెయ్యకండి బావూ."

నైట్ డ్యూటీకి పోతూ ఒక నర్సమ్మ
ఆ ఒక్క పాటే ఫోన్లోకి ఎక్కించుకుంది.
"మా వార్డులో ఇలా ఒకటి తప్పితే పరిగెడతాం" అంది.
పరిగెత్తకుండా, చెప్పుల బురద మెట్టుకి రాసుకుంటూ
ఆఖరిదాకా విని వెళ్లింది.
సోమయాజులు గారు మర్నాడు మళ్లీ వచ్చారు.
ఏడోది పెట్టమన్నారు.
గొడుగు పిడి మీద వేళ్లు లెక్కపెట్టి
ఆ చోట వేలెత్తి
దించడం మర్చిపోయారు.

శనివారం డేనియల్ ఆటో దిగాడు,
రికార్డింగుకి పట్టుకెళ్లిన నా స్టాండ్లు తిరిగివ్వడానికి.
ఎవరేమన్నారో అన్నీ చెప్పాను,
గాంధారం, దారం, వార్డు.
చాలాసేపు నవ్వాడు.
"దోమండీ. మోచేతి మీద దోమ వాలింది."
మరి మళ్లీ కొట్టలేకపోయావా?
"స్టూడియో గంటకి ఎనిమిది వందలు."

అసిరమ్మ గ్లాసు చాపింది.
ఎడంచేత్తో అందుకున్నాడు.
కుడిచెయ్యి చొక్కా జేబులో,
నిద్రపోతున్న పిల్లిలా.
స్టాండ్లు దింపింది తవిటినాయుడని
అప్పుడు తట్టింది నాకు.

"వానాకాలం కదా" అన్నాను,
"దోమలెక్కువే."