బతికున్న సున్నా

జీడిమెట్ల, పొద్దున తొమ్మిదిన్నర.
నైట్ షిఫ్టును దింపిన బస్సు పొగ
ఇంకా గేటు దగ్గరే తచ్చాడుతోంది.
కాస్టిక్ ట్యాంకు మీది ట్రాన్స్‌మిటర్
పదేళ్లుగా కంట్రోల్ రూముతోనే మాట్లాడుతోంది,
పక్కనే నిలబడ్డ మనిషితో
ఒక్క మాటా లేదు.

ఆ మనిషి ఖాజామియా.
లెవెల్ కావాలంటే వేళ్ల కణుపులతో
కింద నుంచి పైకి తడతాడు,
ఎవరింటి తలుపో తట్టినట్టు.
మోత మారిన చోట సుద్దముక్కతో గీత.
గీత మీద గీత, ఏళ్ల తరబడి.

ఆయన కళ్ల ఎత్తులో
అరచేతంత డిస్‌ప్లే బిగించడం ఇవాళ్టి నా పని.
దీనికి వేరే కరెంటు అక్కర్లేదు,
దారిన పోయే సిగ్నల్లోంచే గుక్కెడు తాగి బతుకుతుంది.
పంపును మాన్యువల్లో పెట్టమని పైకి చెప్పి
ఒక తీగ విప్పి, ఆ రెండు కొసల మధ్య
దీన్ని కూర్చోబెట్టాను.
షీల్డుకి ఒక్కవైపే ఎర్త్.
రెండువైపులా ఇస్తే ప్లాంటులోని మోటార్ల గోలంతా
అంకెల్లోకి వస్తుంది.
సుదర్శనం సారు తిట్టి నేర్పాడు, అందుకే మర్చిపోలేదు.

ఫ్యూజు వేశాను. అద్దం నల్లగా ఉంది.
ప్లస్సూ మైనస్సూ తిరగేశానని తెలిసేసరికి
మెడ మీద చెమట.
మార్చాను.
ఎనిమిదులు నాలుగు ఒక్కసారి మెరిసి
నూట ఎనభై దగ్గర నిలబడ్డాయి.

ఖాజామియా తట్టాడు. చెవి ఆనించాడు.
"గిది అబద్ధం చెప్తున్నది బేటీ.
జానన్నర ఎక్కువ."

కోపమొచ్చింది. మీటరు పెట్టి చూశాను,
పదమూడు పాయింట్ ఆరు.
కరెంటు తప్పు లేదు. తప్పు నాది.
ట్రాన్స్‌మిటర్ రెండున్నర మీటర్లకు కట్టుబడి ఉంటే
పక్క ట్యాంకు కాగితం చూసి
డిస్‌ప్లేకి మూడని చెప్పాను.
మూడువందలని రెండువందల యాభై చేశాను.
నూట యాభై.
సుద్దగీత దగ్గర నా టేపు కూడా
అదే చెప్పింది.

"ఆ చుక్క ఎందుకు, ఈగ వాలినట్టు?"
దశాంశం తీసేశాను.
పంపు అదురుకి చివరి అంకె వణుకుతుంటే
ఎనిమిది సెకన్ల నిదానం నేర్పాను.

"ట్యాంకు ఖాళీ అయితే గిది ఆరిపోతదా?"
ఆరదు చాచా.
ఖాళీ అని చెప్పడానికీ
నాలుగు మిల్లీ ఆంపులు కావాలి.
అదీ రాలేదంటే
తీగ తెగిందని.

కాసేపు ఊరుకున్నాడు.
"మా తమ్ముడు గట్లనే.
పైసల్లేవని చెప్పనీకె ఫోన్ చేస్తడు.
చెయ్యని దినమే భయమైతది."

ఓ-రింగుకి గ్రీజు రాసి మూత తిప్పాను,
మర చివరి చుట్టు దాకా.
సంతకానికి లాగ్‌బుక్ ఇచ్చాడు.
లెవెల్ గడిని నిలువునా చీలుస్తూ
పెన్సిల్ గీత, ఇంకా తాజాగా.
ఒకవైపు మిషను.
ఒకవైపు ఖాజా.