జానెడు వెనక్కి

మూడు లాంతర్ల దగ్గర, మందుల షాపు పక్క మెట్లెక్కితే
మా వినికిడి గది.
కంపెనీ అమెరికాది. దాని పేరు తిన్నగా పలకడానికి
మా ఓనరు కూర్మారావు గారికి మూడేళ్లు పట్టింది,
నాకు నాలుగు.

గోడల నిండా గోనె.
జూట్ మిల్లు గేటుకి తాళం పడ్డ ఏడాది
బేళ్ల లెక్కన చవగ్గా వచ్చింది.
మూడు షిఫ్టుల రొద తాగి తాగి పెరిగిన నార,
ఏ చప్పుడు తగిలినా మింగేస్తుంది, తిరిగివ్వదు.
ఒకసారి అమెరికా నుంచి వచ్చిన ఇంజినీరు
చిటికె వేసి, చెవి ఒగ్గి,
మా గోడని చేత్తో నిమిరాడు.
ఏం గుడ్డ ఇది అని అడిగితే
బియ్యం బస్తా అని చెప్పడానికి సిగ్గేసి
"లోకల్" అన్నాను.

ఇరవై రెండేళ్లలో పదకొండు జతలు అమ్మాను.
గరివిడి మాంగనీసు షావుకారు,
బొబ్బిలి డాక్టరు,
పేరు చెప్పొద్దని ఒట్టేయించుకున్న ఒక తహసీల్దారు.
నేర్చుకున్న విద్య మాత్రం ఒక్కటే:
కొనేవాడి కుర్చీని జానెడు వెనక్కి జరపడం.
అంతే. అప్పటిదాకా రెండు పెట్టెలుగా ఉన్నవి
పెట్టెలు కాకుండా పోతాయి.
నడి గదిలో, ఖాళీ జాగాలో,
వయొలిన్ కమాను లాగేముందు ఎవరో పీల్చిన ఊపిరి
వినిపిస్తుంది.
సంగీతం కాలేజీ పిల్లలు ఆ ఊపిరి కోసమే వచ్చేవాళ్లు,
చెప్పులు మెట్ల కిందే విడిచి.

గురువారం కర్రోతు బంగారయ్య వస్తాడు.
ముప్ఫై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడి
రెండు చెవులూ మిల్లుకే ఇచ్చేసినవాడు.
కుర్చీ అక్కర్లేదు ఆయనకి.
పెట్టె ముందు గొంతుక్కూచుని
పక్క చెక్క మీద అరచెయ్యి ఆనిస్తాడు.
తప్పెటగుళ్లు పెట్టమంటాడు.
రేకు మోగిన ప్రతిసారీ మోచెయ్యి దాకా పాకుతుందట.
"కుడిపక్కోడు తాళం తప్పేడు" అన్నాడొకరోజు.
మళ్లీ వేసి విన్నాను.
తప్పాడు.

ధర ఎప్పుడూ అడగలేదు. నేను చెప్పలేదు.
పన్నెండు లక్షల పెట్టె మీద
పదకొండేళ్ల అరచేతి మరక.

మొన్న రాత్రి పదకొండున్నరకి మీటింగు,
వాళ్లకి పొద్దుట.
తెర మీద ఒకావిడ, వెనక కిటికీలో మంచు పడుతోంది.
షాపులు నిన్నటి మాట అంది.
రేపటి శబ్దం నేరుగా గుమ్మానికే వస్తుందట,
నచ్చకపోతే ముప్ఫై రోజుల్లో తిప్పి పంపొచ్చట.
న్యూయార్కులో ఒకటి, ముంబయిలో ఒకటి
అద్దాల గదులు ఉంచుతారట, చూసి వెళ్లడానికి.
చూసి.
ఆ మాట దగ్గర కూర్మారావు గారు నా మొహం చూశారు.

తర్వాత ఒక ఫారం, అందులో ఒక గడి:
వచ్చి, కొనకుండా వెళ్లినవారు. కారణం.
బంగారయ్య పేరు కొట్టాను.
కారణం దగ్గర చాలాసేపు వేలు ఆగిపోయింది.
"విన్నాడు" అని కొట్టాను.

మరి కుర్చీ ఎవరు జరుపుతారమ్మా అని అడగాలనుకున్నాను.
ఇంగ్లీషు కూడగట్టుకునేలోపు
తెర ఆరిపోయింది.

డెమో జత వెనక్కి పంపాలి.
అట్టపెట్టె మూల చిరిగితే బంగారయ్యే
మొలలోంచి గోనె సూది తీసి కుట్టాడు.
మిల్లు కుట్టు, పీకినా రాదు.
మరక నేను తుడవలేదు.
అక్కడ విప్పి చూసినవాడు
దాన్ని లోపాల చిట్టాలో రాసుకుంటాడు కాబోలు.

గదిలోకి దిగేది సెల్ కవర్లవాడు.
ముందు ఆ గోనె పీకించమన్నాడు.
పీకాం. దుమ్ము, పాత నూనె వాసన,
ఒక మూల బోసి ఎలక పిల్లలు నాలుగు.
దగ్గొచ్చింది. దగ్గాను.
గది తిరిగి దగ్గింది.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి
నాకు బదులిచ్చింది.
బెదిరి బంగారయ్య వైపు తిరిగాను.

ఆయనకేం వినపడలేదు.
బోడి గోడ మీద అరచెయ్యి ఆనించి
"ఇంకోపాలి దగ్గు బాబూ" అన్నాడు.