మైనస్ పది

డాబాగార్డెన్స్‌లో పగిలిన ఫోన్లకి అద్దాలేసే రవూఫ్ నేర్పాడు నాకు:
"స్కోరు చూడకు మావా, స్కోరు అబద్ధమాడుద్ది.
ఒత్తిడి చూడు."

డెబ్బయ్యయిదు దాటాక
ఓడుతున్న జట్టుకి ఎన్ని కార్నర్లొచ్చాయో,
ఎన్ని బంతులు గోలు మీదికి పోయాయో,
లేచిన ఎర్రగీత పడకుండా
ఎంతసేపు నిలబడిందో.
ఆట చూడక్కర్లేదట.
నిజమే, నేనెప్పుడూ చూళ్ళేదు.
ఆకుపచ్చ పలక మీద ఒక చుక్క అటూ ఇటూ తిరుగుద్ది,
దాని కింద అంకెలు.
గోలు కొట్టినోడి మొహం ఒక్కటీ ఎరగను.

వేట బందు, అరవయ్యొక్క రోజులు.
హార్బర్లో సోనాబోట్లు భుజాలు రాసుకుంటూ
రంగులేయించుకుంటున్నాయి.
ఐసు ఫ్యాక్టరీలో సగం జీతం, నిండా ఖాళీ.
భూమికి అవతలి పక్క
పేరు పలకరాని ఊళ్ళ జట్లు
నాకోసమే రాత్రంతా ఆడుతున్నట్టుండేది.
డబ్బు ఫోన్లోంచి పోయేటప్పుడు
"శ్రీ సత్యదేవ లేడీస్ టైలర్స్" అని పడేది.
మరో వారం ఎరువుల కొట్టు.
నేను కుట్టించుకోని జాకెట్లకి
కూలి కడుతూ పోయాను.

నోటుబుక్కు పెట్టాను కూడా.
నూట పన్నెండు ఆటలు.
అరవై నాలుగింట్లో గోలొచ్చింది.
అయినా పదకొండు వేలు పోయింది.
ఇదెలాగరా అంటే
"నీకు కనబడ్డ ఒత్తిడి ఆళ్ళకీ కనబడుద్ది మావా,
రేటు కోసేస్తారు," అన్నాడు రవూఫ్,
ఎవరిదో అద్దం ఊడదీస్తూ.

బందు ఆఖరి రాత్రి.
క్యాన్లన్నీ ఉప్పునీళ్ళ తొట్టిలో మునిగి గడ్డకడుతున్నాయి.
గంటకోసారి గేజీ చూసి రిజిస్టర్లో ఎక్కించడం నా పని.
అదీ ఒత్తిడే. అక్కడా సూదీ, అంకే.
దాని మీద ఎవడూ పందెం కాయడు, అంతే.

సున్నాకి ఒకటి. ఓడుతున్నది సొంతూరి జట్టు.
తొమ్మిది కార్నర్లు, నాలుగు ఈ ఎనిమిది నిమిషాల్లోనే.
మూడు వేలు పెట్టాను.

ఎనభై మూడో నిమిషంలో
కంప్రెసరు చప్పుడు మారింది.
పంతొమ్మిదేళ్ళ చప్పుడది.
ఆగితే చెవికంటే ముందు అరికాళ్ళకి తెలుస్తుంది.
తెలిసింది.
ఈ ఒక్క కార్నరూ అయ్యాక లేద్దామనుకున్నాను.

తొంభై మీద ఆరు.
పందేలు ఆపేశామని తెర బిగుసుకుపోయింది.
నా చుక్క ఇంకా మధ్యగీత దగ్గరే ఉంది.
అక్కడ జరిగిపోయింది,
ఇక్కడ ఇంకా జరగలేదు.
ఆ ఏడు సెకన్లూ నేనెక్కడున్నానో
ఇప్పటికీ చెప్పలేను.

గోలు.
తర్వాత గీత దాటాడా లేదా అని
నాలుగు నిమిషాలు వెనక్కి తిప్పి చూశారు.
నేనూ నాలుగు నిమిషాలు చూశాను.
అయిదువేల నాలుగొందలు.
కంప్రెసరుకి ఆయిలు పోసి, బెల్టు ఎక్కించి,
మళ్ళీ తిరిగేసరికి అయిదు దాటింది.
రిజిస్టర్లో మూడింటికి మైనస్ పది రాశాను.
నాలుగింటికి మైనస్ పది.
అయిదుకీ అదే, కొంచెం వేరే వాలుతో,
అనుమానం రాకుండా.

పొద్దున్న దిమ్మ పైకి తీస్తే
నడుమ అరచెయ్యంత మేర గడ్డకట్టలేదు.
కడుపులో నీళ్ళు కదులుతున్నాయి.
క్రషర్లో వేస్తే గట్టిదీ డొల్లదీ ఒకటే పొడి,
జారుడు రేకు మీంచి గలగలా బోటు కడుపులోకి.
సరంగు ఎల్లాజీ పిడికెడు తీసి మెడకి రాసుకున్నాడు.
"ఐసు బాగుందేటి, దానేలూ?"
"మైనస్ పది," అన్నాను.
"వొచ్చినాక ఓ వంజరం నీదేరా."
డాల్ఫిన్స్ నోస్ తిరిగిందాకా చెయ్యూపుతూనే ఉన్నాడు.

ఇది తొమ్మిదో రాత్రి.
పారాదీపు దిక్కునో ఇంకా పైనో
చెక్కల కింద చీకట్లో చేపలున్నాయి,
చేపల మధ్య నేనమ్మిన నీళ్ళున్నాయి.
ఎంత కరిగిందో ఏ ఫోన్లోనూ గీత లేవదు.
జెట్టీ మీద గంపలు బోర్లించుకుని
ఎల్లాజీ వదిన గెడ్డమ్మ అడుగుతోంది,
మావోళ్ళెప్పుడొస్తారని.

రవూఫ్ ఫోన్ చేశాడు.
మంచి ఆటంట, డెబ్బయ్యారో నిమిషమంట,
ఎర్రగీత దించడం లేదంట.
ఒక్క నిమిషం ఉండరా, అన్నాను.
చెప్పులు విప్పి
అరికాళ్ళు నేలకి ఆనించి
వింటున్నాను.