ఒక చుక్కా, మూడు చుక్కలా

నల్లగొండ కోర్టుల బార్ లైబ్రరీకి
మధ్యాహ్నం రెండున్నరకు ఎవరూ రారు.
ఫ్యాను కింద నేను,
ఫ్యానుకంటె మెల్లగ తిరిగే ఖమర్ సాబు.
చొల్లేటి వకీలు సార్ ఇచ్చిన చీటీ చేతిల ఉన్నది:
"తెల్లకాగితం మీద కొన్న భూమి. కబ్జా అరవై ఏండ్లు.
తీర్పులు తీసుకరా. బతికున్నవే తీసుకరా."

బతికున్నవి అంటే అప్పుడు అర్థం కాలే.

లా రెండో సంవత్సరం.
పరీక్షకు చదువుడు వేరు, వెతుకుడు వేరని
మొదటి వారమే తెలిసింది.
సాలు, సంపుటి, పుట
ఇదీ ఒక ఇంటి అడ్రసే,
రామగిరి దాటి, క్లాక్ టవర్ కాడ మలిగి, మూడో గల్లీ అన్నట్టు.
ఒక్కోసారి అడ్రసుంటది, ఇల్లుండదు:
డెబ్బై ఎనిమిది సంపుటి ఎవరో తీసుకపోయిన్రు,
తీసుకపోయినోళ్లు గూడ పోయిన్రు.

నాలుగో రోజు దొరికింది.
నా కోసమే రాసినట్టు తీర్పు,
అదే తెల్లకాగితం, అట్లనే ఒక ముసలామె.
సంబురపడి ఫోన్ల ఫోటో తీసుకున్న.
ఖమర్ సాబ్ అద్దాలు పైకి నెట్టి
"దీని తర్వాత ఏమైందో చూసినవా బేటీ" అన్నడు.
కంప్యూటర్ల నంబరు కొడితే ఎర్ర గీత.
పదకొండేండ్ల కింద పెద్ద బెంచీ
నాలుగు వాక్యాలల్ల దాన్ని కొట్టేసింది.
ఆ చావుకబురు ఈ పుస్తకానికి ఇంకా చేరలే.
బంగారు అక్షరాల అట్టేసుకొని
నిమ్మళంగ కూసున్నది అల్మారల.

మళ్ల చట్టం కాడికే వచ్చిన.
సెక్షను సగందాక నిండుచేతుల ఇస్తది.
ఆడ ఒక "అయితే" వస్తది.
సరే పో అని చెప్పి, గడప దాటంగ
మా అవ్వ అనే "అయితే" అసొంటిదే.
ఇచ్చిందంత అండ్లనే గుంజుకుంటది.

రికార్డు రూముల ఖాస్రా పహాణీ.
ఉర్దూ. నా కండ్లకు చీమలబారు.
ఖమర్ సాబ్ కిటికీ కాడికి తెచ్చి వెలుగుకు పట్టి
"పిచ్చయ్య" అని చదివిండు. ఆగిండు.
"లేకుంటె బిచ్చయ్య.
కింద ఒక చుక్కుంటే బి, మూడుంటే పి.
ఒక చుక్క కలం పెట్టింది,
కడమ రెండు పురుగు పెట్టినట్టుంది."
ఎకరం ఇరవై గుంటలు
పురుగు నోట్ల ఉన్నయి.

సాయంత్రం ఛాంబరు మెట్ల మీద సైదమ్మను అడిగిన.
బస్సు టికెట్టు వేలుకు చుట్టుకుంట, విప్పుకుంట చెప్పింది:
"మా మామ బిచ్చయ్యే బిడ్డా.
ఆయనకంటె ముందు ముగ్గురు దక్కలే.
నాలుగోడు పుట్టంగనే వాళ్లమ్మ ఏడిండ్లు తిరిగి
బిచ్చమెత్తిన బియ్యం వండి ఆ పేరు వెట్టిందట.
మా అత్తమ్మ చెప్పేది.
పిచ్చయ్య అనేటోడు మా ఊర్లె ఎవడూ లేడు."

ఇది ఏ సంపుటి? ఏ పుట?
చెప్పినామె పోయి నలభై ఏండ్లాయె.
చుట్టరికాలు చెప్పి సచ్చిపోయినోళ్ల మాట
ఎప్పుడు సాక్ష్యమైతదో ఎక్కడో చదివిన.
మెట్ల మీదికెల్లి లేచి ఉరికిన.
ముప్పై రెండు అని బట్టీ పట్టింది
కొత్త చట్టంల ఇరవై ఆరైంది.
ఇల్లదే, గల్లీ మారింది.

రాత్రి హాస్టల్ల సార్‌కు నోటు రాసిన.
దొరికినవి నాలుగు లైన్లు.
దొరకనివి పేజీన్నర:
ఎక్కడ వెతికిన, ఏ మాట పెట్టి వెతికిన,
డెబ్బై ఎనిమిది లేదు,
పురుగు తిన్న పుటకు నకలు దరఖాస్తు పెట్టిన,
పేరు ముచ్చట ఆ సెక్షన్ల పడుతదో లేదో తేలలే.
సచ్చిన తీర్పు ఫోటో తీసేద్దామనుకొని తీయలే.
ఆ ముసలామె ఎట్ల గెలిచిందో
ఇంకోసారి చదువుకున్న.

తెల్లారి లైబ్రరీ తెరువంగనే
ఆ పుస్తకం దించి, ఆ పుట అంచుకు
పెన్సిలుతోటి సన్నగ రాసిన:
"ఇది పోయింది. తర్వాతి తీర్పు చూడు."
కింద సాలు, సంపుటి, పుట.
పుస్తకాల మీద రాయొద్దని బోర్డు రాసిందే ఖమర్ సాబ్.
చూసి గూడ చూడనట్టు
పోయి ఫ్యాను స్విచ్చేసిండు.